జెండా ఎగిరింది, ప్రశ్న మిగిలింది

ప్రపంచంలో నాలుగో వంతును ఏలినవారికి తమకంటూ జాతీయగీతం లేదు, శాసనసభ లేదు, ఒక సెలవు రోజు కూడా లేదు. ఇప్పుడు ఎర్రశిలువ పతాకం పట్టుకుని ఇంగ్లిష్‌వారు తామెవరో వెతుక్కుంటున్నారు. ఆ వెతుకులాటలో, అక్కడే పుట్టి పెరిగిన భారత సంతతికి చోటెక్కడ?

2025 వేసవిలో బర్మింగ్‌హామ్ శివారు వీలీ కాజిల్‌లో వీధిదీపాల స్తంభాలకు ఉన్నట్టుండి జెండాలు మొలిచాయి. కొన్ని బ్రిటన్ పతాకం యూనియన్ జాక్‌లు. మరికొన్ని తెల్లని గుడ్డపై ఎర్రశిలువ ఉన్న సెయింట్ జార్జ్ జెండాలు, అంటే ఇంగ్లండ్ సొంత పతాకాలు. వాటిని తొలగిస్తామని స్థానిక నగరపాలక సంస్థ అనడంతో వ్యవహారం రాజుకుంది. కొద్ది వారాల్లోనే ఈ జెండాల పండుగ దేశమంతా పాకింది. రోడ్ల కూడళ్లలో తెల్లరంగు వేసిన చిన్న వృత్తాల మీద రాత్రికి రాత్రే ఎర్ర గీతలు పడ్డాయి.

మన దగ్గర ఆగస్టు 15న వీధిలో జెండా కనిపించకపోతే వార్త. అక్కడ కనిపిస్తే వార్త అయింది. కారణం, ఆ వేసవి మామూలు వేసవి కాదు. ఆశ్రయం కోరి వచ్చిన విదేశీయులను ఉంచిన హోటళ్ల ముందు జులై నుంచే నిరసనలు సాగుతున్నాయి. ఎసెక్స్‌లోని ఎపింగ్ పట్టణం వాటికి కేంద్రమైంది. సెప్టెంబర్ 13న టామీ రాబిన్‌సన్ అనే వలస వ్యతిరేక ఉద్యమకారుడి పిలుపుపై లండన్ వీధుల్లోకి వచ్చినవారి సంఖ్య పోలీసుల అంచనా ప్రకారమే లక్షా పది వేల నుంచి లక్షా యాభై వేలు. వాళ్ల చేతుల్లోనూ ఇవే జెండాలు. కాబట్టి స్తంభం మీది జెండాను ఒక ఇంటివారు దేశభక్తిగా చూశారు. పక్కింటివారు దాన్ని తమకిచ్చిన హెచ్చరికగా చదువుకున్నారు. ఇద్దరూ పూర్తిగా తప్పని చెప్పలేకపోవడమే ఇంగ్లండ్ ఎదుర్కొంటున్న చిక్కు.

దొరలందరూ ఒకటేనా?

ఈ చిక్కు మూలం చాలా పాతది. అది అర్థం కావాలంటే తెలుగువారు ముందు తమ భాషనే ఒకసారి తడిమి చూసుకోవాలి. ఆంగ్లేయులు, బ్రిటిష్‌వారు, ఇంగ్లిషు దొరలు అనే మూడు మాటలను మనం ఒకే అర్థంలో వాడేస్తాం. దత్త మండలాల్లో రైతులు తమ పిల్లలకు పేరు పెట్టుకునేంతగా అభిమానించిన థామస్ మన్రో నిజానికి ఇంగ్లిష్‌వాడు కాదు, గ్లాస్గోలో పుట్టిన స్కాట్. మన ఊళ్ల కైఫీయతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ కూడా స్కాటే. ధవళేశ్వరం ఆనకట్టతో గోదావరి డెల్టాను పచ్చగా మార్చిన ఆర్థర్ కాటన్ మాత్రం ఇంగ్లండ్ బిడ్డ. మనకు ముగ్గురూ తెల్లదొరలే.

ఈ తికమక మన ఒక్కరిదే అయితే పేచీ లేదు. ఇంగ్లిష్‌వారిదీ అదే తికమక. 1707లో ఇంగ్లండ్, స్కాట్లండ్ పార్లమెంట్‌లు విలీనమై గ్రేట్ బ్రిటన్ ఏర్పడింది. వేల్స్ అంతకు ముందే 16వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో కలిసిపోయింది. 1801లో ఐర్లండ్ చేరింది. ఈ ఉమ్మడి కాపురంలో పెద్ద భాగస్వామి ఇంగ్లండే కావడంతో భాగానికీ మొత్తానికీ మధ్య గీత చెరిగిపోయింది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధం ముందు నెల్సన్ తన నౌకాదళానికి పంపిన ప్రసిద్ధ సంకేతంలో చెప్పింది ఇంగ్లండ్ పేరే. ఆ నౌకల్లో స్కాట్లు, ఐరిష్‌లు, వెల్ష్‌లు ఉన్న సంగతి ఎవరికీ అడ్డురాలేదు. వాల్టర్ బాజెట్ 1867లో బ్రిటన్ రాజ్యాంగం మీద రాసిన గ్రంథానికి పెట్టుకున్న పేరు 'ది ఇంగ్లిష్ కాన్‌స్టిట్యూషన్'.

సామాజిక శాస్త్రవేత్త కృషన్ కుమార్ 2003లో వెలువరించిన పుస్తకంలో దీనికి ఒక వివరణ ఇచ్చారు. సామ్రాజ్యాన్ని నడిపే జాతి తన గురించి తాను గట్టిగా చెప్పుకోదు, చెప్పుకుంటే మిగతా భాగస్వాములు నొచ్చుకుంటారు. అందుకే ఇంగ్లిష్‌వారు తమ గర్వాన్ని సొంత జాతి మీద కాక తాము నిర్మించిన పెద్ద వ్యవస్థల మీద, అంటే బ్రిటన్ మీద, సామ్రాజ్యం మీద, తమ న్యాయవ్యవస్థ మీద పెట్టుకున్నారన్నది ఆయన వాదన. సామ్రాజ్యం పోయింది. ఉమ్మడి కాపురంలో కలతలు మొదలయ్యాయి. అప్పుడు కానీ తమకు సొంత పేరొకటుందన్న సంగతి వారికి గుర్తురాలేదు.

బంతి తెచ్చిన పతాకం

ఆ జ్ఞాపకం ఎప్పుడు మేల్కొందో చూడాలంటే రెండు ఫుట్‌బాల్ పోటీల ఛాయాచిత్రాలను పక్కపక్కన పెడితే చాలు. 1966 ప్రపంచ కప్ ఫైనల్లో వెంబ్లీ మైదానంలో ఇంగ్లండ్ 4-2తో పశ్చిమ జర్మనీని ఓడించింది. ఆ రోజు ప్రేక్షకుల చేతుల్లో ఊగినవన్నీ దాదాపు యూనియన్ జాక్‌లే. ఆ పోటీల చిహ్నమైన సింహం బొమ్మ తొడుక్కున్న చొక్కా మీద కూడా అదే పతాకం. ఆడింది ఇంగ్లండ్, ఎగిరింది బ్రిటన్ జెండా. అది వింతని ఎవరికీ తోచలేదు.

ముప్పై ఏళ్ల తర్వాత, 1996 యూరో కప్‌లో అదే వెంబ్లీ తెలుపు, ఎరుపులతో నిండిపోయింది. ఆ పోటీల్లో ఇంగ్లండ్ ప్రత్యర్థుల్లో స్కాట్లండ్ కూడా ఒకటి. స్కాట్లు తమ నీలి జెండా పట్టుకొస్తే వారికి ఎదురుగా యూనియన్ జాక్ ఊపడంలో అర్థం లేదు. అందులో స్కాట్ల జెండా కూడా కలిసే ఉంది మరి. అలా అటకెక్కిన సెయింట్ జార్జ్ పతాకం జనం చేతుల్లోకి దిగింది. కార్ల కిటికీలకు, మద్యశాలల గుమ్మాలకు, పిల్లల బుగ్గలకు ఎక్కింది.

అయితే దానికి మరకలూ ఉన్నాయి. 1970, 80 దశకాల్లో ఇంగ్లిష్ ఫుట్‌బాల్ అభిమాని అంటే యూరప్ అంతటా తాగి తన్నుకునేవాడనే పేరు. 1985లో బ్రసెల్స్‌లోని హేసెల్ మైదానంలో 39 మంది ప్రాణాలు పోయిన దుర్ఘటన తర్వాత ఇంగ్లిష్ క్లబ్బులను యూరప్ పోటీల నుంచి ఐదేళ్లపాటు నిషేధించారు. ఆ ముఠాలతో జాత్యహంకార పార్టీలు అంటకాగాయి. చదువుకున్న మధ్యతరగతి ఇంగ్లిష్‌వారు తమ జెండాను చూసి ముఖం తిప్పుకోవడం అలా అలవాటైంది.

ఆ ముఖం తిప్పుకోవడానికీ ఖరీదుంది. 2014 నవంబర్‌లో రోచెస్టర్ ఉప ఎన్నిక రోజున లేబర్ పార్టీ నాయకురాలు ఎమిలీ థార్న్‌బెరీ ఒక ఇంటి ఫొటోను ట్విటర్లో పెట్టారు. కిటికీలకు మూడు సెయింట్ జార్జ్ జెండాలు, వాకిట్లో తెల్ల వ్యాను. దాని మీద ఆమె వెటకారంగా ఒక్క ముక్క కూడా రాయలేదు. అయినా పేదల ఇంటి దేశభక్తిని లండన్ పెద్దలు ఈసడించుకుంటున్నారని గగ్గోలు రేగింది. ఆ రోజే ఆమె పార్టీ అగ్రనాయకత్వ బృందం నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లో జెండా అంటే జాతి ప్రశ్న మాత్రమే కాదు, వర్గ ప్రశ్న కూడా.

శాసనసభ లేని దేశం

రాజకీయంగా చూస్తే ఇంగ్లండ్ పరిస్థితి మరీ విచిత్రం. బ్రిటన్ జనాభాలో దాదాపు 84 శాతం ఇక్కడే ఉంటారు. 1999 నుంచి స్కాట్లండ్‌కు పార్లమెంట్, వేల్స్‌కు సొంత చట్టసభ పని చేస్తున్నాయి. ఉత్తర ఐర్లండ్‌కు సొంత అసెంబ్లీ ఉంది. ఇంగ్లండ్‌కు మాత్రం ఏమీ లేదు. బ్రిటన్ ఆరోగ్యమంత్రి, విద్యామంత్రి అనిపించుకునేవారు ఆచరణలో చాలావరకు ఇంగ్లండ్ మంత్రులే. పేరులో మాత్రం ఇంగ్లండ్ ఉండదు.

స్కాట్లండ్ పాఠశాలల గురించి ఇంగ్లండ్ ఎంపీలకు ఓటు లేనప్పుడు, ఇంగ్లండ్ పాఠశాలల మీద స్కాట్లండ్ ఎంపీలు ఎలా ఓటేస్తారు? అధికార వికేంద్రీకరణ ఇంకా చర్చల్లోనే ఉన్న 1977లోనే టామ్ డాలియెల్ అనే ఎంపీ లేవనెత్తిన ఈ ప్రశ్న ఆయన నియోజకవర్గం పేరు మీద 'వెస్ట్ లోథియన్ ప్రశ్న'గా స్థిరపడింది. దీనికి విరుగుడుగా 2015లో ఇంగ్లండ్‌కే పరిమితమైన బిల్లులపై ఇంగ్లండ్ ఎంపీలకు ప్రత్యేక ఓటు కల్పించారు. 2021లో దాన్ని చప్పుడు లేకుండా ఎత్తేశారు. పోనీ ఇంగ్లండ్‌ను ప్రాంతాలుగా విడదీసి అసెంబ్లీలు ఇద్దామంటే, 2004లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఈశాన్య ప్రాంత ప్రజలు దాదాపు 78 శాతం ఓట్లతో తోసిపుచ్చారు.

ఇలా దారి దొరకని అసంతృప్తి 2016లో మరో రూపంలో బయటపడింది. యూరోపియన్ యూనియన్ నుంచి తప్పుకోవాలా, వద్దా అన్న ఓటింగ్‌లో స్కాట్లండ్ 62 శాతంతో ఉండాలంది. ఇంగ్లండ్ 53 శాతంతో పోదామంది. తమను బ్రిటిష్ కంటే ముందు ఇంగ్లిష్‌గా చెప్పుకునేవారిలో అత్యధికులు తప్పుకోవాలనే ఓటేసినట్టు సర్వేలు తేల్చాయి. బ్రెక్జిట్‌ను బ్రిటన్ నిర్ణయమన్నారు కానీ దాని వెనుక ఊపిరి ఇంగ్లండ్‌దే.

అంత గట్టి భావన అయితే లెక్కల్లో కనిపించాలి కదా? కనిపించింది, ఆ తర్వాత మాయమైంది. 2011 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో తాము 'ఇంగ్లిష్' మాత్రమేనని చెప్పినవారు 57.7 శాతం. 2021లో వారు 14.9 శాతానికి పడిపోయారు. 'బ్రిటిష్' మాత్రమే అన్నవారు 19.1 శాతం నుంచి 54.8 శాతానికి ఎగబాకారు. పదేళ్లలో ఒక జాతి ఆవిరైపోయిందా? లేదు. 2021లో ఇంగ్లండ్‌లో పంచిన ఫారంలో జవాబుల జాబితా వరుస మారింది. 'బ్రిటిష్' అన్నది మొదటి గడిలోకి వచ్చింది. మార్పులో ఎంత భాగం నిజమో, ఎంత భాగం గడి మహిమో విడదీయడం కష్టం. ఈ రెండు పేర్ల మధ్య కోట్ల మందికి పెద్ద తేడా లేదన్నది మాత్రం స్పష్టం. తేడా ఉన్నవారికి అది ప్రాణసమానం.

క్యూ, వాన, ఒక క్షమాపణ

సంస్థలు లేనప్పుడు జాతి తనను తాను స్వభావంతో నిర్వచించుకుంటుంది. అందుకే ఇంగ్లిష్‌వారు తమ గుణగణాల గురించి రాసుకున్నంతగా బహుశా మరెవరూ రాసుకోరు. జర్నలిస్టు జెరెమీ పాక్స్‌మన్ 1998లో, మానవశాస్త్రవేత్త కేట్ ఫాక్స్ 2004లో ఈ విషయం మీద వెలువరించిన పుస్తకాలు బాగా అమ్ముడుపోయాయి. వాతావరణంతో సంభాషణ మొదలుపెట్టడం, ఎదుటివాడు కాలు తొక్కినా తామే క్షమాపణ చెప్పడం, గొప్ప పనిని 'ఫర్వాలేదు' అని తేల్చేయడం, క్యూ తప్పినవాణ్ణి నోరు విప్పకుండానే చూపులతో శిక్షించడం: జాబితా అందరికీ తెలిసిందే.

2022 సెప్టెంబర్‌లో రాణి ఎలిజబెత్ భౌతికకాయాన్ని చూసేందుకు థేమ్స్ నది ఒడ్డున మైళ్ల పొడవున బారులు తీరిన జనం ఈ స్వభావానికి శిఖరం. దాదాపు రెండున్నర లక్షల మంది శవపేటిక ముందు నుంచి నడిచారు. ఒక దశలో నిరీక్షణ సమయం 24 గంటలని ప్రభుత్వమే ప్రకటించింది. మాజీ ఫుట్‌బాల్ కెప్టెన్ డేవిడ్ బెకమ్ కూడా పన్నెండు గంటలకు పైగా అందరితో పాటు నిలబడ్డారు.

కానీ స్వభావం రక్తంలో ఊరేది కాదు, కాలం పోసిన పోత. క్రమశిక్షణ గల క్యూకు వచ్చిన కీర్తి ప్రధానంగా రెండో ప్రపంచ యుద్ధకాలపు రేషన్ దుకాణాల ముందు స్థిరపడింది. భావోద్వేగాలను పెదవి దాటనీయని నిబ్బరం విక్టోరియా కాలపు బోర్డింగ్ పాఠశాలల్లో, సామ్రాజ్యానికి అధికారులను తయారు చేసే క్రమంలో పదును పట్టింది. 1649లో సొంత రాజు తలను బహిరంగంగా నరికిన ఈ దేశాన్ని అప్పటి యూరప్ ప్రశాంత స్వభావానికి మారుపేరుగా అనుకోలేదు, అల్లరి మూకల దేశంగా చూసింది.

జాబితాలు తయారు చేసేవారి వైపు నుంచి చూస్తే మరో తమాషా కనిపిస్తుంది. 1993లో ప్రధాని జాన్ మేజర్, కౌంటీ క్రికెట్ మైదానాలు మొదలు సైకిలు మీద చర్చికి వెళ్లే వృద్ధురాలి దాకా, ఒక దేశాన్ని బొమ్మ కట్టి చూపి, అది యాభై ఏళ్ల తర్వాత కూడా చెక్కుచెదరదన్నారు. ఆయన మాట్లాడింది బ్రిటన్ గురించి. చూపిన దృశ్యాలు ఇంగ్లండ్‌వి. ఆ వృద్ధురాలిని ఆయన అరువు తెచ్చుకున్నది జార్జ్ ఆర్వెల్ 1941లో రాసిన వ్యాసం నుంచి. ఇంగ్లిష్ స్వభావానికి అందరూ ప్రమాణంగా చూపే ఆ ఆర్వెల్ పుట్టింది బీహార్‌లోని మోతీహారిలో.

పుట్టిన చోటా, పూర్వీకుల చోటా?

అసలు ముడి ఇక్కడే ఉంది. ఆర్వెల్ మోతీహారిలో పుట్టాడు, కిప్లింగ్ బొంబాయిలో పుట్టాడు. తెలుగు నిఘంటువును మనకిచ్చిన సి.పి.బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. వీరు ఇంగ్లిష్‌వారేనా అని ఎవరూ అడగలేదు. 1980లో సౌతాంప్టన్‌లో పుట్టి, 2022 నుంచి 2024 వరకూ ప్రధానిగా ఉన్న రిషి సునాక్ ఇంగ్లిష్‌వాడేనా అని 2025లో అడిగారు. గోధుమరంగు హిందువు ఇంగ్లిష్‌వాడెలా అవుతాడని ఒక ప్రముఖ పాడ్‌కాస్ట్ వ్యాఖ్యాత సందేహం వెలిబుచ్చాడు. ఇక్కడే పుట్టి పెరిగిన తాను ఇంగ్లిష్‌వాణ్ణేనని సునాక్ బదులిచ్చారు.

విశేషమేమిటంటే ఆయన మంత్రివర్గంలోనే హోం మంత్రిగా చేసిన, భారత సంతతికే చెందిన సుయెల్లా బ్రేవర్‌మన్ దీనికి భిన్నంగా వాదించారు. తాను బ్రిటిష్ పౌరురాలినే కానీ ఇంగ్లిష్ వ్యక్తిని కానని, అది పూర్వీకులతో, నేలతో తరతరాల అనుబంధంతో వచ్చే గుర్తింపని ఆమె రాశారు. ఈ వాదనను కొట్టిపారేయడం తేలిక. కానీ అందులో ఒక నిజం ఉంది: స్కాట్లకు, వెల్ష్‌లకు వంశం, జ్ఞాపకం, ఊరు ఉన్నప్పుడు ఇంగ్లిష్‌వారికి మాత్రం ఉండకూడదా? ఇంగ్లిష్ అన్నది వట్టి చిరునామాగా మిగిలిపోతే దాని మీద ప్రేమ ఎలా పుడుతుంది? చిక్కల్లా, వంశాన్నే కొలబద్దగా పెట్టుకుంటే ఎన్ని తరాలు చాలునో ఎవరూ చెప్పలేకపోవడం. 1701లోనే డేనియల్ డెఫో 'అసలు సిసలు ఇంగ్లిష్‌వాడు' అన్న భావనను ఎగతాళి చేస్తూ ఒక దీర్ఘకవిత రాశాడు. అప్పటి రాజు మూడో విలియం డచ్చివాడన్న ఈసడింపుకి అది జవాబు. రోమన్లు, శాక్సన్లు, డేన్లు, నార్మన్లు కలగలిసిన జాతికి స్వచ్ఛత ఎక్కడిదన్నది ఆయన ప్రశ్న.

ఈ తగువును కోర్టు తీర్చలేదు. ఎందుకంటే చట్టంలో ఇంగ్లిష్ పౌరసత్వమనేదే లేదు. పాస్‌పోర్టు బ్రిటిష్‌ది. 2021 లెక్కల ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో 18 లక్షలకు పైగా ఉన్న భారత సంతతి వారికి బ్రిటిష్ అనే పేరు చాలాకాలంగా గొడుగులా పని చేసింది. నిజానికి ఆ గొడుగు కూడా ఊరికే దొరకలేదు. 1970, 80లలో వలస కుటుంబాలు భయపడింది యూనియన్ జాక్‌ను చూసే. ఆ జెండాలో నల్లవారికి చోటు లేదన్న చేదు నిజాన్ని పాల్ గిల్‌రాయ్ 1987లో తన పుస్తకం పేరులోనే చెప్పారు. 1990లో నార్మన్ టెబిట్ అనే నాయకుడు, ఆసియా వలసదారులు క్రికెట్‌లో ఏ జట్టుకు చప్పట్లు కొడతారో చూసి వారి విధేయతను కొలవాలన్నారు. తొమ్మిదేళ్లకు మద్రాసులో పుట్టిన నాసిర్ హుస్సేన్ ఇంగ్లండ్ కెప్టెన్ అయ్యాడు. ఇక్కడ పుట్టిన ఆసియా కుర్రాళ్లు ఇంగ్లండ్‌ను ఎందుకు బలపరచరని 2001లో ఆయనే వాపోయాడు. అంటే చోటివ్వడం ఒకరి పని అయితే, వచ్చి కూర్చోవడం మరొకరి పని. రెండూ నెమ్మదిగానే జరిగాయి.

జట్టు ముందు, జాతి వెనుక

అలా నెమ్మదిగా జరిగేది ఎలా ఉంటుందో చూడాలంటే మళ్లీ ఆటస్థలానికే వెళ్లాలి. 2019లో క్రికెట్ ప్రపంచ కప్ గెలిచిన ఇంగ్లండ్ కెప్టెన్ ఇయాన్ మోర్గాన్ డబ్లిన్‌లో పుట్టాడు. ఫైనల్ హీరో బెన్ స్టోక్స్‌ది న్యూజిలాండ్. సూపర్ ఓవర్ వేసిన జోఫ్రా ఆర్చర్‌ది బార్బడోస్. మహిళల ఫుట్‌బాల్ జట్టుకు 2022లోనూ, 2025లోనూ యూరో కప్ తెచ్చిపెట్టిన కోచ్ సరీనా వీగ్‌మన్ డచ్ మహిళ. గెలిచినంత సేపూ పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ గుర్తురావు.

ఓడినప్పుడే పరీక్ష. 2021 జూన్‌లో యూరో పోటీలకు ముందు పురుషుల జట్టు కోచ్ గారెత్ సౌత్‌గేట్ దేశానికి బహిరంగ లేఖ రాశారు. సైనికుడైన తాత నుంచి తనకు వచ్చిన దేశభక్తిని, జాతి వివక్షకు వ్యతిరేకంగా తన కుర్రాళ్లు నిలబడటాన్ని ఒకే గొంతుతో చెప్పిన లేఖ అది. జెండాను ముఠాలకూ వదలకుండా, దాన్ని చూసి సిగ్గూ పడకుండా మూడో దారి ఉందని చెప్పడానికి అదొక ప్రయత్నం. నెల తిరిగాక జులై 11న ఫైనల్లో ఇటలీ చేతిలో పెనాల్టీల్లో ఓటమి. గోల్ కొట్టలేకపోయిన ముగ్గురు, రాష్‌ఫోర్డ్, సాంచో, సాకా, నల్లజాతి కుర్రాళ్లు. రాత్రికి రాత్రే ఇంటర్నెట్‌లో వారి మీద జాతి దూషణలు కురిశాయి. మాంచెస్టర్‌లోని విథింగ్‌టన్‌లో రాష్‌ఫోర్డ్ కుడ్యచిత్రాన్ని ఎవరో పాడు చేశారు. మర్నాటి నుంచి ఆ చుట్టుపక్కల జనం వచ్చి పాడైన చోటు కనపడకుండా ఉత్తరాలు, పూలు, జెండాలు అంటించారు. ఆ జెండాల్లో సెయింట్ జార్జ్ పతాకమూ ఉంది.

అన్నట్టు, ఆ జార్జ్ కూడా ఇంగ్లండ్ గడప తొక్కిన మనిషి కాదు. సంప్రదాయం ప్రకారం ఆయనది ఇప్పటి టర్కీలో ఉన్న కప్పడోసియా. కేరళలోని ఎడత్వా, పుత్తుపల్లి చర్చిల్లో ఏటా ఆయన పేరిట జరిగే ఉత్సవాలకు వేలాది జనం వస్తారు. ఆయన రోజైన ఏప్రిల్ 23న ఇంగ్లండ్‌లో సెలవు కూడా ఉండదు.

19 ఏళ్ల వయసులో ఆ పెనాల్టీ పోగొట్టుకున్న బుకాయో సాకా, నైజీరియా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు లండన్‌లో పుట్టిన బిడ్డ. మూడేళ్ల తర్వాత, 2024 జులై 6న, డ్యూసెల్‌డార్ఫ్‌లో స్విట్జర్లండ్‌తో యూరో క్వార్టర్ ఫైనల్. ఓటమి అంచున ఉన్న ఇంగ్లండ్‌కు సమం చేసే గోల్ అతనే కొట్టాడు. మళ్లీ పెనాల్టీలు వచ్చాయి. మళ్లీ అతని వంతు వచ్చింది. ఈసారి బంతి వలలో పడింది. ఇంగ్లండ్ గెలిచింది. ఆ సాయంత్రం ఆ జెండాలు ఊపినవారిలో అతని పూర్వీకుల ఊరేదని అడిగినవారు లేరు. బంతి బయటికి పోయి ఉంటే అడిగేవారా అన్నదే ఇంగ్లండ్ ఇంకా జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న.